మడవ దగ్గర విన్న మాట

మా కోడలు మంచిపిల్లే కాని, వంటింట్లో నిలబడి ఇంటినంతా కేకలతో నడపాలని చూస్తుంది. మొన్న పెరట్లో తొట్టి నిండి నీళ్లు బయటికి కారుతుంటే, "అత్తా, కొళాయి కట్టెయ్!" అని అరిచింది. నేను కొళాయి పక్కనే ఉన్నాను. చెయ్యి దాని మీద వేశాను కూడా. కాని కట్టడమంటే ఏ పక్కకు తిప్పడమో ఆ క్షణంలో నాకు తోచలేదు. చివరికి ఆ పిల్లే వచ్చి తిప్పి, నా మొహంలోకి అనుమానంగా చూసింది. అరవై దాటాక అత్తకు మతి తప్పుతోందని అనుకుని ఉంటుంది. పదకొండేళ్ల వయసులో ఆ ఒక్క మాట దగ్గర నేను చేసిన నిర్వాకం చెబితే ఇంకేమనుకుంటుందో.

మాది రాజంపేట పక్క, కొండ కింద ఊరు. ఊరు ఊరంతా మెట్టసేద్యమే. చెనిక్కాయ, సజ్జ, కొర్ర. పొద్దునా సాయంత్రం రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి, నాయన తల్లి మా జేజికి ఓపిక ఉన్ననాడు ఉలవచారు. వరికూడు తినాలంటే పండగైనా రావాలి, ఒంట్లో జ్వరమైనా రావాలి. వరికూటి కోసం నేను రెండుసార్లు జ్వరం నటించి, రెండుసార్లూ జేజి చేతి దెబ్బలు తిన్నాను. అలాంటి ఊళ్లో కొండవంక పక్కన, వాలు మీద, మెట్లు మెట్లుగా ఏడు వరిమళ్లు ఉండేవి. ఎద్దులు మళ్లుకోవడానికి కూడా చోటు చాలని సన్నటి మళ్లు. ప్రతి మడికీ కింది పక్క నడుమెత్తు రాతిగోడ, దాని మీద మట్టి గెనిమ, అంటే గట్టు. వంక నీళ్లు పైమడిలోకి వచ్చి, గెనిమకు తెంపిన గండిలోంచి కిందిమడికి, అక్కణ్ణుంచి ఆ కిందిదానికి దిగేవి. ఆ గండినే మేము మడవ అంటాం.

పై నాలుగు మళ్లు మావి. కింది మూడు ఖాలా చేసేది. ఖాలా అంటే వాళ్ల మాటలో పిన్నమ్మ. ఆమె అక్కచెల్లెళ్ల పిల్లలు పిలిచే ఆ పిలుపే ఊరందరికీ అలవాటైంది. ఆమె మొగుడు పోయి రెండేళ్లు. ఒక ఏడు నాట్లు ఆలస్యమై, ఇంకో ఏడు నీళ్లందక, ఆ రెండేళ్లూ మళ్లు బీడు పడ్డాయి. అవి ఆమె సొంతం కాదు, గుత్తకు చేసేది. మళ్లు గలాయనకు రాజంపేటలో బట్టల అంగడి. ఆ ఏడు ఆయన వచ్చి, గెనిమ మీదనే నిలబడి, "శనివారం పొద్దున మొదటి బస్సుకు వస్తానమ్మా. మూడు మళ్లూ నాటి ఉంటే నీవే. ల్యాకుంటే వేరేవాళ్లు అడుగుతాండారు. మళ్ల నన్ను తప్పు పట్టుకోగాకు" అని చెప్పి వెళ్లాడు. ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బతిమాలవచ్చు. ఖాలాకు ఇద్దరు ఆడపిల్లలు, ఆ మూడు మళ్లు తప్ప వేరే ఆధారం లేదు.

మా నాయన మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనిచేస్తూ వారానికోసారి వచ్చేవాడు. సేద్యమంతా జేజిదీ అమ్మదీ. కూలీలను పెట్టుకునే స్థోమత ఎవరికీ లేదు కాబట్టి ముయ్యి మీద నాట్లు పడేవి. ముయ్యి అంటే, ఈరోజు నువ్వు నా మడిలో వంగితే రేపు నేను నీ మడిలో వంగుతాను, అంతే. బుధ, గురువారాల్లో మా నాలుగు మళ్లూ నాటేశారు. శుక్రవారం ఖాలా వంతు. ఎనిమిది మంది ఆడవాళ్లు, మూడు మళ్లు, ఒక్క పగలు. నారు అప్పటికే ముదిరింది, ఇంకో రెండ్రోజులు ఆగితే పనికిరాదు. నారుమడి మొత్తం పెరికేశారు, మళ్లీ కావాలన్నా ఊళ్లో ఎక్కడా పోచ లేదు.

చదునుమళ్లు నాటేవాళ్లకు మా పద్ధతి విడ్డూరంగా ఉండేది. అరక తిరగదు కాబట్టి కానుగాకూ జిల్లేడాకూ తెచ్చి మడిలో పరిచి, ఆడవాళ్లే ఒకరి భుజాలొకరు పట్టుకుని అడుసు తొక్కేవారు. మూడోరోజుకు ఆకు కుళ్లి వాసనొచ్చేది. చుట్టాలు ముక్కు మూసుకునేవారు, మాకు మాత్రం ఆ వాసనకే వరికూడు గుర్తొచ్చి నోరూరేది. ఇక నాటేటప్పుడు అందరిలాగే వెనక్కి నడవడమే, కాని మొదలుపెట్టేది గెనిమ వైపు నుంచి. పల్లానికి మొహం పెట్టి వంగి, కొండ వైపుకు వెనక్కి జరుగుతూ రావాలి. కొండ వైపు మొదలుపెట్టామా, చివర్లో మడమలు పచ్చి గెనిమ మీదికి పోతాయి. అది జారితే మనిషీ మట్టీ కలిసి కిందిమడిలో పడాల్సిందే. కుదురుకు మూడు పోచలు, బొటనవేలితో రెండు కణుపుల లోతు నొక్కాలి, వేరు పైకి మడత పడకూడదు. మూడే ఎందుకంటే జేజి దగ్గర లెక్క ఉంది. "ఒకటి ఎండ్రకాయకు, ఒకటి ఎండకు, ఒకటి మనకు" అనేది.

ఆ శుక్రవారం ఒక మనిషి తక్కువైందని నన్నూ వరసలో నిలబెట్టారు. నాకు పొంగిపోయినంత పనైంది. కాని అరగంటకే నడుము పట్టేసింది. తొందరగా అయిపోతుందని కుదురుకు ఐదారు పోచలు గుచ్చడం మొదలుపెట్టాను. అందరికంటే ముందు వెనక్కి వచ్చేసి, చూడండి నా జోరు అన్నట్టు నిలబడ్డాను. జేజి వచ్చి చూసింది.

"ఏందిమే ఇది? నాట్లా, గడ్డివామా? నారు ఏమన్నా మీ నాయన గనిలో తవ్వుకొచ్చినాడా? పో, పైకి పో. మడవ కాడ కూచో, నీకు అదే ఎక్కువ."

అందరూ నవ్వారు. ఖాలా కూడా నవ్వింది. అందరిలో ఆమె నవ్వే నన్ను ఎక్కువ గుచ్చింది, ఎందుకంటే నేను చేస్తున్నది ఆమె పనే కదా. మూతి ముడుచుకుని మా నాలుగు మళ్లూ ఎక్కి వెళ్లి, వంక నీళ్లు మా పైమడిలోకి దిగే చోట పార పక్కన పెట్టుకుని కూర్చున్నాను. పోతూ పోతూ సద్దిబుట్టలో నుంచి అందరి కోసం వేయించి తెచ్చిన చెనిక్కాయలు ఒడినిండా పోసుకున్నాను. అది నా కక్ష.

అక్కడ నా పనేమిటో నాకు తెలుసు. మా మళ్లు నాటిన రెండ్రోజులూ అదే చేశాను. జేజి కింద నుంచి "కట్టు మే" అంటే మడవ తెరిచి నీళ్లు వదలాలి. నీళ్లు కట్టడమంటే పారించడమే కదా. "చాల్మే" అంటే మట్టి వేసి మూయాలి. ఆ రెండు మాటలే. మధ్యాహ్నం దాటేదాకా అలాగే సాగింది. మొదటి మడి అయింది, రెండోది అయింది. మూడో మడిలో నారుకట్టలు విసిరి పెట్టారు, ఇంక వంగడమే తరువాయి. పైనుంచి చూస్తే ఆడవాళ్ల వీపులు మాత్రం కనబడేవి. పొద్దు ఇంకా చాలానే ఉంది. ఖాలా మళ్లు దక్కినట్టే అని అందరూ అనుకుంటూ ఉండిఉంటారు.

అప్పుడు కొండ మీద మబ్బు పట్టింది. మా దగ్గర చుక్క పడలేదు. ఎండ కూడా పోలేదు. కాని కొండ లోపల ఎక్కడో హోరు మొదలైంది, వంక నీళ్లు చూస్తుండగానే ఎర్రబడి, ఎండుటాకులు తోసుకుంటూ వచ్చాయి. నాకు కనబడింది. ఈ మాట ఎన్నిసార్లు తలుచుకున్నా దాటవేయలేను, నాకు కనబడింది. కిందనుంచి ఖాలా నడుమెత్తి చూసి, రెండు చేతులూ ఊపుతూ అరిచింది.

"కట్టు మే! కట్టెయ్! బిన్నా కట్టెయ్!"

బిన్నా అంటే తొందరగా, అది రెండిళ్లలోనూ ఒకటే. కాని ఖాలా ఇంట్లో కట్టడమంటే మడవకు మట్టి కట్టడం. మూయడం. మా ఇంట్లో కట్టడమంటే నీళ్లు కట్టడం. ఏడు మళ్ల దూరంలో రెండిళ్లకు ఒకే మాట రెండు రకాలుగా ఉందని అప్పటిదాకా ఎవరికీ అవసరం పడలేదు. నేను విన్నది మా ఇంటి మాట. అంతవరకు తప్పు మాటదే. కాని ఎర్రనీళ్లు కళ్లముందు కనబడుతుంటే నీళ్లు వదలమంటుందేమిటి అని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణంలో నేను ఆగి అడిగి ఉండవచ్చు. అడగలేదు. పొద్దుటి నవ్వు నా కడుపులో ఇంకా మండుతూనే ఉంది. కట్టమంటావా, చూడు ఎట్లా కడతానో అని, పార రెండు చేతులా ఎత్తి మడవను మూడు పోట్లు పొడిచాను. చేతి వెడల్పు గండి మనిషి వెడల్పయింది.

ఆ తర్వాత నా చేతిలో ఏమీ లేదు. నీళ్లు పైమడి నిండి రెండో దాంట్లోకి దూకాయి, అక్కణ్ణుంచి మూడో దాంట్లోకి. కింద ఆడవాళ్లు అరుస్తూ పక్కలకు పరుగెత్తారు. మా నాలుగో మడి కింది రాతిగోడ కడుపు ఉబ్బినట్టు ముందుకొచ్చి, రాళ్లూ అడుసూ నీళ్లూ ఒక్కసారిగా ఖాలా మొదటి మడి మీద పడ్డాయి. సద్దిబుట్ట కోసం జేజితో పైకి వచ్చిన అమ్మ సరిగ్గా ఆ గోడ కిందే ఉంది. జేజి ఆమె జుట్టు పట్టుకుని పక్కకు లాగింది. గంట కిందట నాటిన పైరు, ఇంకా వేరు నిలదొక్కుకోని పైరు, పచ్చటి చాప లాగా లేచి తేలుతూ రెండో మడికి, మూడో మడికి పోయి, అక్కడ విసిరిపెట్టిన కట్టలను కూడా వెంటబెట్టుకుని వంకలో కలిసింది.

నేను చేసిన రెండో పని ఇది. పారను వంకలోకి విసిరేశాను. మొదటిది తెలియక చేశానో కోపంతో చేశానో ఎంతైనా వాదించుకోవచ్చు, ఇది మాత్రం తెలిసే చేశాను. నేను తెంపిన గుర్తులు కూడా నీళ్లే తుడిచేశాయి. జేజి రొప్పుకుంటూ పైకి వచ్చి, "మడవ ఎట్ల తెగింది మే?" అని అడిగితే, "నీళ్లే తెంపుకున్నాయి జేజీ" అన్నాను. ఒడిలో చెనిక్కాయలు ఇంకా అలాగే ఉన్నాయి.

వాన కొండ మీదనే కురిసి ఆగిపోయింది. నీళ్లు తగ్గేసరికి కింది మూడు మళ్లలో రాళ్లు, ఇసుక, అక్కడక్కడ వంగిపోయిన పది పోచలు మిగిలాయి. ఖాలా ఏడవలేదు. మోకాళ్ల లోతు బురదలో నిలబడి జేజితో, "నారు పోసినోడు నీరు పోయడా అంటారు గదా పెద్దమ్మా. పోసినాడు సూడు" అని నవ్వబోయింది, నోరు వంకర పోయింది. రేపు మొదటి బస్సుకు ఆయన వస్తాడు.

జేజి మా మళ్ల వైపు తిరిగి కాసేపు చూసింది. మడవల పక్కన కొంత లేచిపోయింది కాని, రెండ్రోజుల పైరు చాలావరకు నిలబడే ఉంది.

"కుదురుకు మూడు ఉండాయి గదా," అంది. "ఒకటి ఎండ్రకాయది. అది తీసి ఖాలా మళ్లో పెడదాం."

అమ్మ ఉలిక్కిపడింది. "అత్తా, మన మడి పలచబడితే మనమేం తింటాం?"

"సంగటి తింటాం. ఇన్నాళ్లూ తినింది ఏంది మరి?"

"ఎండ్రకాయ దాని భాగం కోసం వస్తే?"

"వస్తే నా భాగం తింటాది. లేమ్మా, పొద్దు పోతాండాది."

అమ్మ కొంగు నడుముకు బిగించి, అందరికంటే ముందు మడిలోకి దిగింది. నాకు ఇప్పటికీ అమ్మ మీద గౌరవం కలిగేది ఆ దిగడం గుర్తొచ్చినప్పుడే.

పెరకడం నాటడం కంటే కష్టం. కుదురులోంచి ఒక్క పోచను, వేరు తెగకుండా, తక్కిన రెండూ కదలకుండా, కిందికంటా వేలు పోనిచ్చి తీయాలి. నలుగురు పెరుకుతుంటే నలుగురు కింద రాళ్లు ఏరి, గెనిమ వేసి, నాటడం మొదలుపెట్టారు. నన్ను ఈసారి ఎవరూ తరమలేదు. నేను పెరుకుతూ పోయాను. కుదురుకు ఒకటి కాదు, రెండు తీశాను. ఎవరూ చెప్పలేదు. ఎన్ని తీస్తే అంత తప్పు తగ్గుతుందని నా లెక్క. వేళ్ల సందులు కోసుకుపోయి మండుతున్నాయి. నా వరస వెనక జేజి వచ్చి ఆగింది.

"ఒకటి తియ్యమంటే రెండు తీస్తాండావేంటికి?"

"లెక్క తప్పినా జేజీ."

ఆమె నా మొహం వైపు చాలాసేపు చూసింది. పొద్దుగూకింది, సరిగా కనబడి ఉండదు అనుకున్నాను. "తప్పితే తప్పినాదిలే" అని, నా చేతిలోని పిడికెడు పోచలూ తీసుకుని కిందికి దిగిపోయింది. మొదటి మడి, రెండో మడిలో సగం అయ్యేసరికి చేతులు కనబడలేదు. తెల్లారకముందే మళ్లీ అందరూ వచ్చారు, సంగటి కూడా తినకుండా. మూడో మడిలో చివరి వరస కొండ వైపు గోడకు చేరేసరికి రోడ్డు మీద బస్సు హారను వినబడింది.

ఆయన చెప్పులు చేతిలో పట్టుకుని గెనిమల మీద వచ్చాడు. పైరు చూడబోతే పాపం దాన్ని ఎవరూ పైరనరు. పసుపు రంగుకు తిరిగి, సగం వాలిపోయి, జానెడు ఎడంతో నిలబడి ఉంది. ఖాలా చేతులు మోచేతుల దాకా ఎండిన బురద.

"ఏందమ్మా, ఇంత పలచగానా?" అన్నాడు.

"రెండుమార్లు ఇల్లు మారిన పైరప్పా, మొగం యాలాడేసుకోకుండా యాడ పోతాది," అంది జేజి. "పదిరోజులు కానీ, వచ్చి సూడు."

ఆయన గోడ దగ్గరికి పోయాడు. కూలిన రాళ్లను కాలితో కదిపి చూశాడు. "గోడ ఎట్ల పడింది? ఈ నడిమి గోడ నా మళ్ల లెక్కలోదే. బాగుచేసుకోకుండా వదిలేస్తే తప్పు గుత్తకు చేసేవాళ్లది అవుతాది. ఆ మాట ముందే అనుకున్యాం." అంటూ చుట్టూ చూసి, మడవ వైపు చూసి, అక్కడ నన్ను చూశాడు. "ఏం పాపా, నిన్న నువ్వు ఈడనే ఉంటివా? నీళ్లు ఎట్ల వచ్చినాయి?"

అందరూ నా వైపు తిరిగారు. నేను నిజం చెబితే గోడ కూలింది ఖాలా అశ్రద్ధ వల్ల కాదని తేలిపోతుంది. ఒక్క ముక్క చాలు. ఆ ఒక్క ముక్కా నేను చెప్పలేదు. కాళ్ల కింద బురద చల్లగా పాకుతున్నట్టుంది. జేజి నా వైపు కాకుండా నేల వైపు చూస్తోంది.

"పసిబిడ్డను అడుగుతావేందప్పా," అంది ఖాలా. "కొండ వాన. దానికి ఎవురేం జేచ్చారు? గోడ నేను పెట్టుకుంటా."

ఆయన కాసేపు గొణిగి, "కోతల లోపల గోడ లేచిండాల. ల్యాకుంటే ఇంక మాటల్లేవు" అని చెప్పి, మళ్లీ చెప్పులు చేతిలో పట్టుకుని పోయాడు. ఖాలా అప్పుడు ఏడ్చింది. గెనిమ మీద కూర్చుని, మొహం మోకాళ్లలో పెట్టుకుని, గట్టిగా.

ఆ గోడ ఆమె రెండు నెలలు పెట్టింది. కూలిపని నుంచి వచ్చాక, పొద్దు గూకేలోపు రోజుకు పది రాళ్లు. బడి వదలగానే నేను పోయి రాళ్లు అందించేదాన్ని. పిల్లకు ఇంత బుద్ధి ఎప్పుడొచ్చిందని ఊళ్లో ఆశ్చర్యపోయారు. పెద్దరాయి మోస్తూ ఆమె మోకాలు మెలిక పడింది, ఆ తర్వాత ఎప్పుడూ సరిగా కాలేదు. ప్రతిరోజూ చెబుదామనే పోయేదాన్ని. రాయి అందించి వచ్చేసేదాన్ని. ఆమె మళ్లు ఆమెకే దక్కాయి. మా నాలుగు మళ్లలో ఆ ఏడు వడ్లు సగమే వచ్చాయి, ఉగాదికి కూడా కొర్రబువ్వే తిన్నాం. నేను రెండేసి తీసిన వరసలను ఎండ్రకాయలు మెత్తగా మేసిపోయాయి.

ఇప్పుడు ఆ మళ్లు లేవు. వంకలో నీళ్లు రావడం మానేసి చాలా ఏళ్లయింది. గోడల రాళ్లు ఎవరెవరో ఇళ్ల పునాదులకు తోలుకున్నారు. పైన సీమతుమ్మ మొలిచింది. అక్కడ వరి పండేదంటే మా కోడలు నవ్వుతుంది, వెనక్కి నడుస్తూ నాటేవాళ్లమంటే ఇంకా నవ్వుతుంది. జేజి పోయింది, అమ్మ పోయింది, ఖాలా పోయింది. ఎర్రనీళ్లు చూసింది నేనొక్కదాన్నే మిగిలాను.

ఆ మరుసటి ఏడు నాట్లకు నన్ను మడవ దగ్గర పెట్టవద్దని నేనే ఏడ్చాను. "ఆ పిల్లనే పెట్టండి" అంది ఖాలా. ఆమె మళ్లు నాటుతున్న రోజు నేను పైన కూర్చుని, ఎప్పుడు కేక వినబడుతుందా అని పార పట్టుకుని ఎదురుచూస్తున్నాను. కేక రాలేదు. చూస్తే ఆమె బురదచేతులతో, ఆ మోకాలు పట్టుకుని, ఒక్కో మడి ఎక్కి వస్తోంది. ఏడు మళ్లూ ఎక్కి నా ముందు నిలబడి ఊపిరి పీల్చుకుని, "మూయ్ మే" అంది. కేకేస్తే సరిపోయే మాట కోసం అంత దూరం వచ్చింది. నేను ఇంక ఆగలేకపోయాను.

"ఖాలా, ఆ పొద్దు మడవ తెంపింది నేనే. నీళ్లు కాదు. నేనే."

"నాకు తెల్సు మే. కింద నుంచి నాకు అగపడల్యా? ముందు మూయ్, నీళ్లు పోతాండాయి."